అరగంట తోడు



2020 మార్చి 22, ఆదివారం. ఆ రోజు మన దేశంలో జనతా కర్ఫ్యూ. ఇక్కడ ఎమిరేట్స్‌లో అదే రోజు బడి ఇంటికొచ్చింది. అప్పట్లో ఈ దేశంలో వారం ఆదివారంతోనే మొదలయ్యేది. కరోనా వల్ల మార్చి 8న బడులు మూతపడ్డాయి, వసంతకాలం సెలవులు ముందుకు జరిపారు, రెండు వారాలు గడిచాక పిల్లలు పుస్తకాల సంచీ భుజానికి తగిలించుకోకుండానే తరగతిలో కూర్చున్నారు. ఇంకో మూడు రోజులకు మనకు ఉగాది. శార్వరి నామ సంవత్సరం. ఉగాది పచ్చడిలోకి వేపపువ్వు దొరకలేదని దిగులుపడాల్సిన తల్లులు ఆ ఏడు లాప్‌టాప్ దొరకలేదని దిగులుపడ్డారు. మార్చి 30న మరో కబురు వచ్చింది. ఈ విద్యా సంవత్సరం పూర్తయ్యేదాకా చదువు ఇంటి నుంచేనన్నారు.

నేను ఇక్కడి బడుల్లో చిన్న తరగతులకు చాలా ఏళ్లు పాఠాలు చెప్పాను. ఆ ఏడాదికి ఉద్యోగం మానేసి షార్జా అబూ షగారాలో ఇంటిపట్టునే ఉంటున్నాను. అందుకే నల్లబల్ల వైపు నుంచి కాకుండా, పిల్లవాడు కూర్చున్న వైపు నుంచి ఆ చదువును చూశాను. ఇవాళ చెప్పదలచుకున్నది ఆ వైపు నుంచి కనిపించిన సంగతే.

మా బిల్డింగులో రెండో అంతస్తులో కాకినాడ వాళ్ల కుటుంబం ఉండేది. ఆయనది సూపర్ మార్కెట్‌లో పని. ఊళ్లో అత్తగారికి ఒంట్లో బాగోలేదని ఆ ఇంటావిడ మార్చి మొదట్లో వెళ్లింది. పది రోజుల్లో తిరిగి వచ్చేద్దామనుకుంది. మార్చి 22 నుంచి మన దేశంలోకి అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి, ఆ తర్వాత రెండు మూడు రోజులకే ఇక్కడా ప్రయాణికుల విమానాలు ఆగాయి. తల్లి అక్కడ, తండ్రీ కొడుకూ ఇక్కడ. సూపర్ మార్కెట్ అంటే అత్యవసర సేవ కాబట్టి ఆయనకు సెలవు లేదు. పొద్దున్నే వెళ్లి చీకటి పడ్డాక వచ్చేవాడు. ఏప్రిల్‌లో పిల్లవాడు నాలుగో తరగతిలోకి వచ్చాడు. మన సీబీఎస్ఈ బడులకు కొత్త సంవత్సరం ఏప్రిల్‌లోనే కదా. కొత్త టీచరు మొహం ఎదురుగా చూడలేదు, పక్క బల్ల మీద ఎవరు కూర్చుంటారో తెలియదు. ఇస్త్రీ బల్ల మీద పాత లాప్‌టాప్ పెట్టుకుని ఒంటరిగా తరగతికి హాజరయ్యేవాడు.

ఒక రాత్రి తండ్రి మా తలుపు తట్టాడు. మాస్కు పెట్టుకుని, గుమ్మానికి నాలుగడుగుల దూరంలో నిలబడ్డాడు. "అక్కా, వీడి నోటుబుక్కు ఒకసారి చూడండి" అన్నాడు. చూశాను. ప్రతి పేజీలో తారీఖు ఉంది. పాఠం పేరు ఉంది. దాని కింద స్కేలు పెట్టి గీసిన గీత ఉంది. గీత కింద ఏమీ లేదు. మూడు వారాల పేజీలన్నీ అంతే. పిల్లవాడు రోజూ పొద్దున "ప్రెజెంట్ మిస్" అని చెప్పి, కెమెరా ఆపేసి, గోడ వైపు చూస్తూ కూర్చునేవాడట. హాజరు పట్టీలో మాత్రం ఒక్క రోజు కూడా గైర్హాజరు లేదు.

టీచరమ్మను తప్పుపట్టడానికి నాకు మనసు రాదు. ముప్పై చిన్న గళ్లలో ముప్పై మంది పిల్లలు. అందులో సగం గళ్లు నల్లగా ఉంటే ఏ గడి వెనక ఏ బిడ్డ ఏం చేస్తున్నాడో ఎవరికి తెలుస్తుంది? ఆ టీచరుకూ ఇంట్లో ఇద్దరు పిల్లలుండి ఉంటారు. తండ్రిని కూడా ఏమనగలం? అతను పనికి వెళ్లకపోతే వీధివీధంతా సరుకులకు ఇబ్బంది పడేది.

ఆ రోజుల్లో ఈ దేశం చేయగలిగింది చేసింది, ఆ మాట చెప్పుకోవాలి. ఇంట్లో ఇంటర్నెట్ లేని విద్యార్థుల కుటుంబాలకు ఎతిసలాత్, డూ కంపెనీలు ఉచితంగా మొబైల్ డేటా ఇచ్చాయి. పేద ఇళ్ల పిల్లలకు కంప్యూటర్లు, ట్యాబ్లెట్లు అందించడానికి దుబాయ్ కేర్స్ సంస్థ విద్యా మంత్రిత్వ శాఖతో కలిసి పూనుకుంది. గల్ఫ్‌లో ఉన్నవాళ్లకు బాగా తెలిసిన ఇంకో సంగతి ఉంది. ఇక్కడ వాట్సాప్‌లో మాట రాయవచ్చు, ఫొటో పంపవచ్చు, కాల్ మాత్రం కలవదు. ఇంటికి మాట్లాడాలంటే బోటిమ్ లాంటి యాప్‌లే దిక్కు. చదువు ఆగకూడదని ఆ మార్చిలో జూమ్, మైక్రోసాఫ్ట్ టీమ్స్ లాంటి వాటికి ప్రత్యేకంగా అనుమతి ఇచ్చారు. పాఠాల కోసం తెరిచిన ఆ తలుపులోంచి అమ్మమ్మలూ తాతయ్యలూ కూడా లోపలికొచ్చారు. కాకినాడలో ఉన్న ఆ తల్లి పొద్దున తొమ్మిదిన్నరకల్లా ఫోను ముందు కూర్చునేది. అప్పుడు ఇక్కడ ఎనిమిది. కొడుకు పాలు తాగి, తల దువ్వుకుని, తరగతిలోకి వెళ్లేదాకా అక్కడి నుంచే చూసుకునేది. తరగతి మొదలైతే ఆమె ఫోను పెట్టేయాల్సిందే. అక్కడి నుంచి సాయంత్రం దాకా వాడి పక్కన మనిషి లేడు.

డేటా ప్రభుత్వం ఇవ్వగలదు. ట్యాబ్లెట్ బడి ఇవ్వగలదు. పక్కన కూర్చునే మనిషిని మాత్రం ఇరుగుపొరుగే ఇవ్వాలి. ఇంటి చదువులో ముందుగా కరువైంది ఆ మనిషే. ఇది నేను పుస్తకంలో చదివిన మాట కాదు, ఆ నోటుబుక్కులో గీత కింద చూసిన మాట.

మా పై అంతస్తులో పన్నెండో తరగతి అమ్మాయి ఉండేది. గుంటూరు వాళ్లు. ఆ పిల్ల కష్టం వేరు. పరీక్షలు సగంలో వాయిదా పడ్డాయి. ఏప్రిల్ 1న సీబీఎస్ఈ వాళ్లు విదేశాల్లోని బడులకు మిగిలిన పరీక్షలు ఇక పెట్టబోమని చెప్పేశారు. రెండేళ్లు రాత్రింబవళ్లు చదివిన పిల్ల. పరీక్ష లేదు, వీడ్కోలు సభ లేదు, స్నేహితులతో చివరి ఫొటో కూడా లేదు. ఏ కాలేజీ, ఏ దేశం అన్నది ఎటూ తేలలేదు. "పగలంతా పడుకునే ఉంటోంది పిన్నీ, భోజనానికి కూడా లేవడం లేదు" అని వాళ్లమ్మ నాతో చెప్పుకుని కళ్లనీళ్లు పెట్టుకుంది. నేను ఆ అమ్మాయికి ఫోను చేసి ఒక్కటే అడిగాను. "అమ్మా, కింద ఒక చిన్నవాడున్నాడు. రోజూ మధ్యాహ్నం ఒక్క అరగంట వాడితో మాట్లాడతావా?" అన్నాను. పాఠం చెప్పమని అనలేదు.

మొదటి రోజు నేను కూడా ఆ కాల్‌లో ఉన్నాను. ఆ అమ్మాయి పుస్తకం తీయమంటుందేమో అనుకున్నాను. "ఏరా, ఇవాళ ఏం తిన్నావ్?" అని మొదలుపెట్టింది. నాన్న తెచ్చిన ఖుబ్బూస్ రొట్టె తిన్నానన్నాడు. ఇంకా ఉంటే ఒకటి పట్టుకురమ్మంది. వాడు తెచ్చాడు. కెమెరా ముందు దాన్ని నాలుగు ముక్కలు చేయమంది. ఒక ముక్క తినమంది. వాడు నవ్వుతూ తిన్నాడు.

"ఇప్పుడెంత మిగిలిందిరా?"

"మూడు ముక్కలక్కా."

"మొత్తం ఎన్ని?"

"నాలుగు." ఒక్క క్షణం ఆగి, "త్రీ బై ఫోర్!" అని అరిచాడు. మళ్లీ తనకు తానే, "అమ్మ దీన్ని ముప్పావు అంటుంది" అన్నాడు.

మూడు వారాలుగా బుర్రకెక్కని భిన్నాలు ఆ రోజు ఒక రొట్టెముక్కతో పాటు కడుపులోకి వెళ్లాయి. పావు, అర, ముప్పావు వాడికి అమ్మ వంటింట్లో వినిపించిన మాటలే. వాటికీ పుస్తకంలోని అంకెలకూ సంబంధం ఉందని పక్కనుండి చెప్పే మనిషి అంతవరకూ దొరకలేదు. ఆ సాయంత్రం నోటుబుక్కులో గీత కింద వాడు ఒక గుండ్రం గీసి నాలుగు భాగాలు చేశాడు. ఒక భాగానికి రంగు వేయకుండా వదిలేసి, అది తాను తినేశానని రాశాడు.

ఆ అరగంట రోజూ సాగింది. పది రోజుల తర్వాత పై అంతస్తు అమ్మాయి మధ్యాహ్నం నిద్ర మానేసింది. రేపు వాడికి ఏం చెప్పాలో రాత్రే చూసుకునేది. సాయం అందుకున్నవాడి కంటే సాయం చేసిన పిల్ల ముందుగా తేరుకుంది. పిల్లలను సేవకు పంపడమంటే వాళ్ల సమయం దుబారా అనుకునే తల్లిదండ్రులకు ఈ ఒక్క సంగతీ గుర్తుపెట్టుకోమని చెబుతాను. జులైలో రెండు ప్రభుత్వాలూ మాట్లాడుకుని, ఇక్కడ వీసా ఉన్నవాళ్లు తిరిగి రావడానికి విమానాలకు వీలు కల్పించాయి. 12వ తేదీ నుంచి మొదలైన ఆ విమానాల్లోనే వాడి తల్లి వచ్చేసింది. అప్పటికి వాడు ఆ పెద్ద పిల్లను సొంత అక్క లాగే చూసుకుంటున్నాడు.

మన పిల్లలకు ఇక్కడ మరో చిక్కుంది. ఎమిరేట్స్‌లోని ప్రైవేటు బడుల్లో తొమ్మిదో తరగతి దాకా ప్రతి విద్యార్థీ అరబిక్ నేర్చుకోవాలి. బడిలో ఉన్నప్పుడు ఉస్తాద్ పక్కనుండి అక్షరం దిద్దిస్తాడు. ఇంట్లో దిద్దించేదెవరు? మన అమ్మానాన్నలకు ఆ లిపి తెలియదు. కుడి నుంచి ఎడమకు రాసే ఆ అక్షరాల మీద చుక్క ఎన్ని, ఎక్కడ పడిందన్నది తేడా వస్తే మాటే మారిపోతుంది. తెరమీద మసగ్గా కనిపించే ఆ చుక్కల దగ్గర ఆరో తరగతి పిల్ల ఒకతె రోజూ ఏడ్చేది. ఎదురింట్లో సూడాన్ కుటుంబం. వాళ్లమ్మాయికి అరబిక్ అమ్మ భాష, లెక్కలంటే మాత్రం గుండె దడ. మన పిల్లకు లెక్కలు వచ్చు. ఇద్దరు తల్లులూ వచ్చీరాని ఇంగ్లీషులో మాట్లాడుకుని, పిల్లలిద్దరినీ తలుపులు తెరిచి ఎవరి గుమ్మంలో వాళ్లను కూర్చోబెట్టారు. మధ్యలో వరండా. ఒక పూట అరబిక్, ఒక పూట లెక్కలు. అక్కడ ఎవరు టీచరు, ఎవరు శిష్యురాలు అని ఎవరూ అడగలేదు.

అరబ్ పిల్లలకు లెక్కలు, సైన్సు సొంత భాషలో అందాలని ఈ దేశం అంతకుముందే పెద్ద పని తలకెత్తుకుంది. 2017లో దుబాయ్ పాలకులు షేక్ మొహమ్మద్ బిన్ రషీద్ అనువాద సవాలు ప్రకటించారు. కోటీ పది లక్షల మాటలు అనువదించి, 5,000 పాఠాల వీడియోలు అరబిక్‌లో తయారు చేయాలని సంకల్పం. స్వచ్ఛందంగా ముందుకొచ్చిన వాళ్ల చేతులు అందులో ఎన్నో కలిశాయి. 2018 అక్టోబరులో ఆ పాఠాలన్నీ 'మద్రసా' పేరుతో ఉచితంగా అందరికీ తెరిచారు. ఎదురింటి సూడాన్ పిల్ల లెక్కల వీడియోలు చూసింది అందులోనే. వీడియో అర్థం కానప్పుడు ఆపి, మళ్లీ వేసి, "ఇక్కడ చూడు" అని వేలు పెట్టి చూపించింది మాత్రం మన పిల్లే.

మన తెలుగువాళ్లకు ఇది కొత్తేమీ కాదు. అమెరికాలో సిలికానాంధ్ర వాళ్లు 2007లో మొదలుపెట్టిన మనబడి నడుస్తున్నది వలంటీర్ల మీదే. వారమంతా ఆఫీసుల్లో పనిచేసి, సెలవు రోజున పిల్లలకు అఆలు దిద్దించే అమ్మానాన్నలే అక్కడ గురువులు. ఈ దుబాయ్‌లోనే 1961లో ఇండియన్ హైస్కూలు పుట్టింది ఇక్కడి భారతీయులు తలా ఒక చేయి వేస్తేనే. కష్టకాలంలో బడిని మన చేతుల మీద నిలబెట్టుకోవడం ఈ గడ్డ మీద మన పెద్దలు చేసి చూపించిన పనే.

కరోనా ఏడాదిలో ప్రపంచం మొత్తం మీద కనీసం 46 కోట్ల 30 లక్షల మంది పిల్లలకు దూరవిద్య అసలు అందనే లేదని యునిసెఫ్ లెక్క చెప్పింది. గల్ఫ్‌కు వచ్చిన మన అన్నదమ్ముల్లో చాలామంది పిల్లలు జగిత్యాలలోనో, నిజామాబాద్‌లోనో, కడపలోనో ఉంటారు. తెలంగాణలో 2020 సెప్టెంబరు 1 నుంచి దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు వచ్చాయి. ఇక్కడ సోనాపూర్ కార్మికుల క్యాంపులో ఉన్న తండ్రికి అక్కడి టీవీ ముందున్న కొడుకు పాఠం విన్నాడో లేదో ఎలా తెలుస్తుంది? రాత్రి ఫోన్లో "ఇవాళ ఏం చెప్పారురా, నాకూ చెప్పు" అని అడిగిన తండ్రులు నాకు తెలుసు. తను చదివింది అయిదో తరగతే అయినా కొడుకు చేత ఏడో తరగతి పాఠం చెప్పించుకుని విన్నాడొకాయన. నా దృష్టిలో ఆ వినడం కూడా తోడే. పిల్లవాడు ఎవరికైనా చెప్పాలని చదివితే ఆ చదువు నిలుస్తుంది.

సరే, పని దగ్గరికి వద్దాం. ఈ అరగంట ఎలా నడపాలని నన్ను చాలామంది అడుగుతుంటారు. నాకు తెలిసినంతలో చెబుతాను. అయిదో తరగతి లోపు పిల్లలకు తొమ్మిదో తరగతి దాటిన పెద్ద పిల్లలు సరిపోతారు, వాళ్ల మాట చిన్నవాళ్లు వింటారు. కాల్ జరిగేటప్పుడు రెండిళ్లలోనూ పెద్దవాళ్లు చెవికి వినిపించేంత దూరంలో ఉండాలి. ఇందులో మొహమాటం పనికిరాదు. పిల్లల ఫొటోలు, కాల్ రికార్డింగులు ఎక్కడా పెట్టకూడదు. మొదటి అయిదు నిమిషాలు పాఠం ఊసెత్తకండి. తర్వాత ఆ రోజు పాఠంలో ఒక పేజీ పిల్లవాడి చేతనే పైకి చదివించండి. ఎక్కడ తడబడతాడో అక్కడే మీకు పని. హోంవర్కు మీరు చేసిపెట్టారో, ఆ పిల్లవాడికి మళ్లీ గీత కింద ఖాళీయే మిగులుతుంది. ఒక రోజు కుదరకపోతే ముందే చెప్పండి. ఒంటరిగా ఉన్న పిల్లవాడు గడియారం చూసుకుంటూ ఉంటాడు. మీరు రాకపోతే మిమ్మల్ని ఏమీ అనడు. తనమీద ఎవరికీ ధ్యాస లేదని మాత్రం అనుకుంటాడు.

పిల్లలకు చెప్పేటప్పుడు రెండు చట్టాల సంగతీ తెలుసుకోవాలి. డబ్బు తీసుకుని ట్యూషన్ చెప్పాలంటే ఇక్కడ అనుమతి పత్రం ఉండాలి, 2023 డిసెంబరు నుంచి ఆ పర్మిట్ ఇస్తున్నారు. మనం చేసేది ఉచిత సాయం కాబట్టి కానుక పేరుతో కూడా ఒక్క దిర్హమ్ ముట్టుకోవద్దు. ఇక ఎవరి ఫీజుకోసమో, ట్యాబ్లెట్ కోసమో జాలిపడి వాట్సాప్ గ్రూపులో చందాలు పోగుచేయడం ఈ దేశంలో నేరం. మనసు మంచిదే అయినా చట్టం ఊరుకోదు. అలాంటి అవసరం కనబడితే బడికి చెప్పండి, లైసెన్సున్న సేవాసంస్థలకు చెప్పండి. వలంటీర్‌గా పేరు నమోదు చేసుకోవాలనుకునే పెద్దవాళ్లకు వలంటీర్స్ డాట్ ఏఈ అనే జాతీయ వేదిక ఉంది.

ఇంటర్నేషనల్ బడుల్లో ఐబీ అనే డిప్లొమా కోర్సు చదివే పిల్లలకు సేవ చదువులో భాగం. సృజన, వ్యాయామం, సేవ మూడూ చూపిస్తేనే డిప్లొమా చేతికొస్తుంది. సర్టిఫికెట్ కోసం చేస్తున్నారని కొందరు పెద్దలు ఆ పిల్లలను చులకనగా మాట్లాడతారు. నాకది నచ్చదు. మొదట కాగితం కోసమే రానివ్వండి. నాలుగో రోజుకు అవతలి చిన్నపిల్ల "అక్కా, నువ్వు రేపు కూడా వస్తావా?" అని అడుగుతుంది. ఆ తర్వాత కాగితం సంగతి ఎవరికీ గుర్తుండదు.

కరోనా పోయింది కదా, ఈ మాటలిప్పుడు ఎందుకంటారేమో. 2024 ఏప్రిల్ 16 మీకు గుర్తుండే ఉంటుంది. అల్ ఐన్ దగ్గర ఖత్మ్ అల్ షక్లాలో ఒక్క రోజు తిరక్కుండానే 254.8 మిల్లీమీటర్ల వాన పడింది. 1949లో ఇక్కడ లెక్కలు రాయడం మొదలుపెట్టాక అంత వాన ఎన్నడూ లేదని అధికారులు చెప్పారు. ఆ వారమంతా బడి మళ్లీ ఇంటికే వచ్చింది. షార్జా వీధుల్లో నీళ్లు రోజుల తరబడి తీయలేదు. వలంటీర్లు పడవల్లో తాగునీళ్లు, భోజనం పొట్లాలు తెచ్చి ఇచ్చారు. మా బిల్డింగులో కరెంటు లేదు, లిఫ్టు లేదు. మెట్ల మీద కిటికీ వెలుగు పడే చోట ఒక పిల్లవాడు పవర్ బ్యాంకుకు ఫోను తగిలించి కూర్చున్నాడు. పక్కన రెండో తరగతి పిల్ల. ఇద్దరి మధ్య స్టీలు పళ్లెంలో చపాతీ. నాలుగు ముక్కలు చేసి ఉంది.

అది ఆ కాకినాడ పిల్లవాడే. అప్పటికి ఎనిమిదో తరగతికి వచ్చాడు. నన్ను చూసి, "ఆంటీ, దీనికి ముప్పావు రావడం లేదు" అన్నాడు.

అందుకే ఇవాళ మిమ్మల్ని ఒకటి అడుగుతున్నాను. ఈ రాత్రి మీ బిల్డింగు తల్లుల గ్రూపులో ఒక ప్రశ్న రాయండి. రేపు ఉన్నట్టుండి బడి ఇంటికొస్తే, పగలు పక్కన ఎవరూ ఉండని పిల్లలు మనలో ఎంతమంది అని అడగండి. రాత్రి డ్యూటీ నర్సుల పిల్లలు, డ్రైవర్ల పిల్లలు, ఈ మధ్యే ఊరి నుంచి వచ్చి ఇంగ్లీషు ఇంకా పలకని పిల్లలు ఉంటారు. వాళ్ల ఫ్లాట్ నంబర్లు ఒక కాగితం మీద రాసుకోండి. ఒక్కో నంబరు ఎదురుగా మీ ఇంట్లో ఒక పెద్ద పిల్ల పేరో, పిల్లవాడి పేరో రాయండి. ఆ పిల్లలిద్దరినీ రేపు సాయంత్రమే ఒకసారి కలపండి. వాన వచ్చేదాకా ఆగకండి.